కాల్ ముగిసినంత మాత్రాన కేసు ముగియదు: ఏజెన్సీలో ఒక టెలిమెడిసిన్ కార్యక్రమం

ఉత్తరాంధ్ర మైదాన ప్రాంతంలో ఒక ట్రస్టు నడుపుతున్న ఆసుపత్రిలో నేను జనరల్ మెడిసిన్ వైద్యురాలిని. ఈ ఆసుపత్రికి అనుబంధంగా పైన ఏజెన్సీ గ్రామాల్లో ఆరు చిన్న క్లినిక్కులు ఉన్నాయి. ఒక్కొక్క క్లినిక్కులో ఒక నర్సు, ఒక సహాయకురాలు ఉంటారు. వారానికి ఒక రోజు ఇక్కడి నుంచి డాక్టరు జీపులో వెళ్లి, రోగులను చూసి, సాయంత్రానికి దిగి వచ్చేవారు. వానాకాలంలో గెడ్డలు (కొండవాగులు) పొంగి దారి తెగితే ఆ ఒక్క రోజు కూడా దక్కేది కాదు. ఈ క్లినిక్కులను ఫోను, వీడియోల ద్వారా రోజూ డాక్టరుకు అందుబాటులోకి తెచ్చే కార్యక్రమాన్ని రూపొందించి నడిపే బాధ్యతను ఆసుపత్రి నాకు అప్పగించింది. గోప్యత కోసం రోగుల, గ్రామాల, సంస్థల పేర్లు ఇవ్వడం లేదు. ఇటువంటి పని తలపెట్టే తోటి వైద్యులకు పనికొస్తుందని, మేము ఎక్కడ పొరబడ్డామో, దాన్ని ఎలా దిద్దుకున్నామో దాచకుండా రాస్తున్నాను.

తెలుగు నేలకు టెలిమెడిసిన్ కొత్త విషయం కాదు. చిత్తూరు జిల్లా అరగొండలో అపోలో సంస్థ నెలకొల్పిన టెలిమెడిసిన్ కేంద్రాన్ని 2000 మార్చిలో అప్పటి అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ ప్రారంభించారు. ఆ తరువాత ఇస్రో ఉపగ్రహాల సాయంతో మారుమూల ఆసుపత్రులను పెద్దాసుపత్రులతో కలిపే ప్రయత్నం సాగింది. 2019 నవంబరులో కేంద్ర ప్రభుత్వపు ఈ-సంజీవని టెలిమెడిసిన్ సేవలు మొదలైనప్పుడు, గ్రామస్థాయి ఆరోగ్య కేంద్రాల్లో వాటిని మొదటగా అమలులోకి తెచ్చిన రాష్ట్రం ఆంధ్రప్రదేశే. మేము అనుసరించిందీ ఆ నమూనానే. ఊళ్లో రోగి పక్కన శిక్షణ పొందిన నర్సు ఉంటుంది, దూరాన హబ్‌లో, అంటే కేంద్ర ఆసుపత్రిలో, డాక్టరు ఉంటారు, ఇద్దరి మధ్య తెర ఉంటుంది. మా అనుభవంలో ఈ మూడింటిలో అతి తక్కువ ఆలోచించవలసింది తెర గురించే. నిధులిచ్చిన సంస్థతో జరిగిన మొదటి రెండు సమావేశాలు మాత్రం పూర్తిగా తెర గురించే సాగాయి.

పరికరాల కంటే ముందు రిజిస్టర్లు

ఏ కెమెరా కొనాలన్న చర్చను పక్కనపెట్టి, నేను రెండు క్లినిక్కుల ఏడాది ఓపీ రిజిస్టర్లు తెప్పించుకుని వరుసగా చదివాను. నర్సుల చేతిరాతలో ఉన్న ఆ పేజీలు ఏ సర్వే నివేదికా చెప్పలేని సంగతులు చెప్పాయి. వచ్చినవారిని మూడు వర్గాలుగా విడదీశాను. బీపీ, షుగరు, మూర్ఛ, కీళ్ల నొప్పులు, చర్మవ్యాధుల వంటివాటితో పదేపదే రావలసినవారు మొదటి వర్గం. డాక్టరు చెయ్యి పడితే తప్ప తేలని కడుపునొప్పులు, గడ్డలు, గర్భిణుల పరీక్షలు రెండవ వర్గం. ఒక్క నిమిషం కూడా తెర ముందు వృథా చేయకుండా కిందికి పంపవలసిన అత్యవసర కేసులు మూడవ వర్గం. మొదటి వర్గం కోసమే టెలిమెడిసిన్ పెట్టుకోవాలని, రెండవ వర్గానికి వారపు జీపును తప్పనిసరిగా కొనసాగించాలని, మూడవ వర్గానికి కాల్ కంటే వాహనం ముందు కదలాలని రాసి పెట్టుకున్నాము. టెలిమెడిసిన్ వచ్చింది కనుక జీపు ఖర్చు తగ్గించుకోవచ్చన్న సూచనను నేను గట్టిగా వ్యతిరేకించాను. వారానికొకసారి డాక్టరు స్వయంగా వెళ్లి చూసిన రోగి గురించి మిగతా ఆరు రోజులు ఫోనులో మాట్లాడటం సులువు. ఎన్నడూ ముఖం చూడని రోగి గురించి మాట్లాడటం ఎప్పుడూ కష్టమే.

రిజిస్టర్లు మరో విషయం కూడా పట్టిచ్చాయి. రోగుల రాక వారమంతా సమానంగా లేదు. సంత జరిగే రోజున పేజీ నిండిపోతోంది, మిగతా రోజుల్లో సగం ఖాళీగా ఉంటోంది. పోడు పనులు, జీడి, పసుపు సేకరణ ముమ్మరంగా ఉండే నెలల్లో ఉదయం పది తరువాత ఎవరూ రావడం లేదు. ఇదంతా కళ్ల ముందున్నా, మా ఆసుపత్రి డాక్టర్ల సౌకర్యాన్ని బట్టి స్పెషలిస్టు వేళలను మంగళ, గురువారాల మధ్యాహ్నాలకు పెట్టాము. రెండు నెలలు చర్మవ్యాధుల డాక్టరు ఖాళీ తెర ముందు కూర్చున్న తరువాతే ఆ వేళలను ఆయా ఊళ్ల సంత రోజులకు మార్చాము. ఉప్పు, నూనె కొనుక్కోవడానికి కొండ దిగి వచ్చే మనిషి అదే రోజున క్లినిక్కుకు కూడా వస్తాడు. దానికోసం విడిగా మరొక రోజు కూలి పోగొట్టుకోమని అడిగే హక్కు మనకు లేదు.

చట్టపరమైన హద్దుల విషయంలో 2020 మార్చి 25న వెలువడిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు మాకు ఎంతో ఉపకరించాయి. ఓఆర్ఎస్, పారాసిటమాల్ వంటి మందులను ఏ రకమైన సంప్రదింపులోనైనా రాయవచ్చు. మార్గదర్శకాలు ఏ-జాబితాగా విడదీసిన మందులను మొదటిసారి రాయాలంటే రోగిని వీడియోలో చూడాలి. బి-జాబితాలోని మందులు, అంతకుముందు నేరుగా చూసిన రోగికి అదే జబ్బులో కొనసాగింపుగా రాయవలసినవి. చట్టం కఠినంగా నియంత్రించే షెడ్యూల్ ఎక్స్ మందులను అసలు రాయకూడదు. ఈ వివరాలను ఒక అట్టమీద తెలుగులో రాయించి ప్రతి హబ్ బల్ల మీద, ప్రతి క్లినిక్కు గోడ మీద పెట్టాము. సమ్మతి విషయంలోనూ ఒక ముఖ్యమైన తేడా ఉంది. రోగి తానే డాక్టరుకు ఫోను చేస్తే సమ్మతి ఉన్నట్టే భావిస్తారు, ఆరోగ్య కార్యకర్త కాల్ మొదలుపెడితే మాత్రం రోగి స్పష్టంగా సమ్మతించాలి. మా కాల్స్ అన్నీ నర్సులే మొదలుపెట్టేవి కనుక, కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడే ఊళ్లలో ఆ ప్రశ్నను వాళ్ల భాషలోనే అడగడం నర్సులకు, సహాయకురాళ్లకు నేర్పించాము.

నర్సు చేతులు, డాక్టరు కళ్లు

కార్యక్రమానికి ప్రాణం నర్సు. ఈ మాట అందరూ అంటారు గాని, బడ్జెట్‌లో శిక్షణకు కేటాయించే మొత్తం చూస్తే నిజంగా నమ్మినవారు ఎందరో తెలిసిపోతుంది. నేను ప్రతి నర్సును రెండు వారాల పాటు మా వార్డులో, నా పక్కనే ఉంచుకున్నాను. కంప్యూటరు వాడకం నేర్పడానికి ఒక పూట సరిపోయింది, మిగతా కాలమంతా శరీర పరీక్షకే వెచ్చించాము.

బీపీ ఉదాహరణ చెబుతాను. మొదటి నెలలో ఒక క్లినిక్కు నుంచి వచ్చే రీడింగులు అనుమానం కలిగించేలా తక్కువగా ఉండేవి, మరొక క్లినిక్కువి ఎక్కువగా ఉండేవి. నేను స్వయంగా వెళ్లి చూశాను. మొదటి చోట సన్నటి చేతులకు పెద్ద కఫ్ (బీపీ యంత్రపు పట్టీ) చుడుతున్నారు. కఫ్ చేతి చుట్టుకొలతకు మించి పెద్దదైతే రీడింగు తగ్గి కనిపిస్తుంది. రెండవ చోట కొండెక్కి అప్పుడే వచ్చిన మనిషిని స్టూలు మీద కూర్చోబెట్టి, చెయ్యి కిందికి వేలాడుతుండగానే, జాకెట్టు చేతి మీదుగా కఫ్ కట్టి చూస్తున్నారు. వీపుకు ఆనుడు లేదు, చేతికి ఆసరా లేదు, అయిదు నిమిషాల విశ్రాంతీ లేదు. ఆ తప్పుడు అంకెల ఆధారంగా నేను మైళ్ల దూరం నుంచి మందుల మోతాదు పెంచుతున్నానని గ్రహించినప్పుడు నాకు నిజంగా భయం వేసింది. తరువాత ప్రతి క్లినిక్కుకు రెండు కొలతల కఫ్‌లు, ఆనుకునే కుర్చీ, చెయ్యి గుండె ఎత్తులో ఆనించడానికి బల్ల సమకూర్చాము. ఈ మొత్తానికి అయిన ఖర్చు ఒక కెమెరా ఖరీదులో చిన్న భాగం.

మరొక సందర్భం నాకు ఇప్పటికీ కళ్ల ముందు ఉంది. ఒక సాయంత్రం, వాన పడుతుండగా, పదినెలల పాపను ఎత్తుకుని తల్లి క్లినిక్కుకు వచ్చింది. జ్వరం, దగ్గు, పాలు సరిగా తాగడం లేదు. వీడియో తెరిస్తే బొమ్మ గడ్డకట్టినట్టు నిలిచిపోతోంది, పాప ఛాతీ కదలిక కనబడటం లేదు. పెద్దవాళ్ల వేలికి తగిలించే పల్స్ ఆక్సీమీటరు ఆ వయసు పాపకు నమ్మదగినది కాదు, పిల్లల ప్రోబ్ మా దగ్గర అప్పటికి లేదు. వీడియో ఆపేసి మామూలు ఫోను చేశాను. “సిస్టర్, పాపను తల్లి ఒడిలోనే ఉండనివ్వండి. ఏడుపు ఆగాక చొక్కా పైకెత్తి, పొట్ట పైకి లేచిన ప్రతిసారీ నాకు వినపడేలా లెక్క పెట్టండి. గడియారం నేను చూస్తాను” అన్నాను. ఆమె “ఒకటి, రెండు, మూడు” అంటూ మొదలుపెట్టింది. రేకుల మీద వాన చప్పుడు మధ్య ఆ గొంతు ఒక్కటే వింటూ నేను సెకన్ల ముల్లు చూస్తున్నాను. నిమిషం పూర్తయ్యేసరికి యాభైఎనిమిది. రెండు నెలలు దాటి ఏడాది నిండని పిల్లల్లో నిమిషానికి యాభై, అంతకు మించి శ్వాసలుంటే వేగంగా ఊపిరి తీస్తున్నట్టు లెక్క. “మేడమ్, డొక్క కూడా లోపలికి పోతోంది” అని ఆమె తనంతట తానే చెప్పింది. మొదటి డోసు యాంటీబయాటిక్ ఇప్పించి, ఆలస్యం చేయకుండా కిందికి పంపించాము. పాప కోలుకుంది. ఆ రోజు పరీక్ష చేసింది ఆ నర్సే. వార్డులో రెండు వారాల పాటు పిల్లల మంచాల పక్కన నిలబడి శ్వాసలు లెక్కపెట్టిన అనుభవం లేకపోతే, ఎంత ఖరీదైన తెర ఉన్నా నాకు ఆ అంకె దక్కేది కాదు.

ఆ తరువాత మా నియమావళిలో వీడియో, అది కుదరకపోతే ఆడియో, అదీ కుదరకపోతే ఫొటోలతో కూడిన రాతపూర్వక సమాచారం అనే మూడు మెట్లు స్పష్టంగా రాసుకున్నాము. సిగ్నలు కోసం క్లినిక్కు వదిలి గుట్ట ఎక్కవలసిన చోట వీడియో కోసం పట్టుబట్టడం అర్థం లేని పని. చర్మం మీది మచ్చల ఫొటోలను కిటికీ వెలుతురులో, పక్కన చిన్న స్కేలు పెట్టి తీయాలని నేర్పాము. పాలిపోయిన మచ్చ కనిపిస్తే ఫొటో తీసే ముందే, రోగి కళ్లు మూసుకోగా దూదిపోగుతో స్పర్శ తెలుస్తోందో లేదో చూసి రాయడం తప్పనిసరి చేశాము. కుష్ఠు మచ్చను తామరో, శిబ్బెమో అనుకుని నెలల తరబడి పూతమందులు రాసే ప్రమాదం అక్కడే తప్పుతుంది.

మేము తప్పిన చోట్లు

మొదటి నాలుగు నెలలూ మేము గర్వంగా కాల్స్ సంఖ్య చెప్పుకున్నాము. ఒక రోజు ఒక పెద్దాయన రికార్డు తెరిచి చూశాను. నాలుగు నెలల్లో నాలుగు కాల్స్, నాలుగుసార్లూ బీపీ దాదాపు ఒక్కటే, నాలుగుసార్లూ బీపీ మాత్ర ఆమ్లోడిపిన్ రాశాము. వీడియోలో ఆయన్నే అడిగితే, మొదటిసారి పది మాత్రలు ఇచ్చారని, తరువాత లేవన్నారని, డాక్టరమ్మ మాట్లాడింది కదా అని తాను ఊరుకున్నానని ఎంతో మర్యాదగా చెప్పారు. స్టాకు లేదని నర్సు మా స్టోరుకు రెండుసార్లు ఇండెంటు (మందులు పంపమనే చీటీ) పంపింది, అది వారపు జీపుతో ముడిపడి ఉండటం వల్ల ఆలస్యమైంది. మా ప్రిస్క్రిప్షను కంప్యూటరులో చక్కగా ఉంది, మాత్ర మాత్రం మనిషికి చేరలేదు. ఆ రోజు నుంచి హబ్ డాక్టరు తెర మీద ఆ క్లినిక్కులో ఆ పూట ఉన్న మందుల పట్టిక కనిపించేలా మార్పించాము. లేని మందు రాయడానికి వీల్లేదు. ఒకవేళ అదే అవసరమైతే ఎప్పుడు వస్తుందో రోగికి తేదీ చెప్పాలి. దీర్ఘకాలిక మందులను ఒకేసారి నెలకు సరిపడా ఇవ్వడం కూడా అప్పుడే మొదలుపెట్టాము.

కాల్స్ సంఖ్య చుట్టూ మరొక సమస్య ముసురుకుంది. నిధులిచ్చిన సంస్థ క్లినిక్కుకు రోజుకు ఇన్ని కాల్స్ అని లక్ష్యం పెట్టింది. మూడు వారాల్లోనే మాకు తలనొప్పి, ఒళ్లునొప్పుల కాల్స్ ఒక్కసారిగా పెరిగాయి. మధ్యాహ్నం నాలుగు దాటాక ఒకే క్లినిక్కు నుంచి వరుసగా అయిదు, ఒక్కొక్కటీ నిమిషం లోపే. నర్సులను తప్పుపట్టలేను. లక్ష్యం చేరకపోతే సంజాయిషీ అడుగుతున్నారు. ఆ కాల్స్ వరుసలో నిలబడటం వల్ల నిజంగా అవసరమైన రోగి వెనక పడిపోవడమే నన్ను ఎక్కువగా బాధించింది. రికార్డులు చూపించి ఆ సంస్థతో ముఖాముఖి మాట్లాడి లక్ష్యాన్ని తీసివేయించడానికి రెండు నెలలు పట్టింది. దాని స్థానంలో మూడు ప్రశ్నలు పెట్టుకున్నాము. రాసిన మందు రోగి చేతికి అందిందా? రమ్మన్న తేదీకి వచ్చారా? కిందికి పంపినవారు నిజంగా ఆసుపత్రికి చేరారా? ఈ మూడింటికీ జవాబు రాసే వరకు మా రిజిస్టరులో కేసును మూసివేయనివ్వము.

మూడవ ప్రశ్నే అన్నింటికంటే కష్టమైనది. పెద్దాసుపత్రికి వెళ్లమని చెప్పి చీటీ ఇవ్వడంతో మన బాధ్యత తీరిందనుకోవడం వైద్యులందరికీ ఉన్న అలవాటు. అక్కడి వాస్తవం వేరు. 108 వాహనం రోడ్డు ఉన్నంతవరకే వస్తుంది, అక్కడి దాకా డోలీలో మోయడానికి నలుగురు మనుషులు కావాలి. పట్టణంలో తోడు ఉండేవారికి తిండి ఖర్చు, ఇంటి దగ్గర పిల్లలకు, మేకలకు దిక్కు చూసుకోవాలి. మేము పంపినవారిలో కొందరు ఇంటికే వెళ్లిపోయారని తరువాత ఫోను చేసి కనుక్కుంటే తెలిసింది. ఈ ఖర్చుల కోసం ఆసుపత్రి ఒక చిన్న నిధి కేటాయించింది, దాన్ని వాడే అధికారం నర్సుకే ఇచ్చాము, ఎవరి అనుమతికీ ఎదురుచూడనక్కర్లేదు. మరునాడు ఉదయం హబ్ నుంచి ఒకరు ఫోను చేసి చేరారా లేదా కనుక్కుంటారు. మా ఆసుపత్రికే వస్తే గేటు దగ్గర ఒక మనిషి పేరు తెలుసుకుని ఎదురుచూస్తాడు. పట్టణపు ఆసుపత్రి వరండాలో ఎటు వెళ్లాలో తెలియక నిలబడిపోయే మనిషికి ఆ ఎదురుకోలు ఎంత ధైర్యమో చూసినవారికే తెలుస్తుంది.

హబ్ వైపు మేము చేసిన పెద్ద పొరపాటు డాక్టర్ల కేటాయింపులో ఉంది. ఓపీ చూస్తూ మధ్యమధ్య కాల్స్ తీసుకోవచ్చని అనుకున్నాము. ఎదురుగా బల్ల ముందు నిలబడ్డ రోగి ఉండగా తెరలో ఉన్న రోగి ఎప్పుడూ వెనక్కే పోతాడు. ఇప్పుడు ఉదయం తొమ్మిది నుంచి ఒంటిగంట వరకు ఒక డాక్టరుకు కాల్స్ తప్ప వేరే పని ఉండదు. ఆ డాక్టరు నెలకు కనీసం రెండుసార్లు జీపులో పైకి వెళ్లి రావాలన్నది మరో నియమం. వెళ్లి వచ్చిన డాక్టరు అడిగే ప్రశ్నల తీరే మారిపోతుంది.

గోప్యత గురించి కూడా చెప్పి తీరాలి. మొదట్లో ఫొటోలు పంపుకోవడానికి సులువుగా ఉంటుందని అందరం ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాము. ఒక తల్లి రొమ్ము మీది పుండు ఫొటో ఆ గ్రూపులోకి వచ్చింది. డ్రైవర్లతో సహా ఇరవైమంది ఫోన్లలోకి అది చేరింది. ఆమెకు ఈ సంగతి నేనే స్వయంగా చెప్పి క్షమాపణ కోరాను. గ్రూపును అదే రోజు మూసివేసి, రోగి రికార్డుకు తప్ప మరెక్కడికీ ఫొటో వెళ్లని పద్ధతి పెట్టాము. క్లినిక్కుల్లో తెర ముందు కర్టెను కట్టించి, స్పీకరు బదులు ఇయర్‌ఫోన్లు ఇచ్చాము. ఆ తరువాతే తెల్లబట్ట, నెలసరి ఇబ్బందుల గురించి ఆడవాళ్లు నోరు విప్పడం మొదలైంది. అప్పటిదాకా వాళ్లంతా నడుంనొప్పి అనే చెప్పేవారు.

మానసిక సమస్యలకు మా దగ్గర తగిన వైద్యులు లేరు. ఆ లోటును మేమే పూడ్చాలని ప్రయత్నించకుండా, 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి-మానస్ నంబరు 14416కు నర్సు సమక్షంలో కలపడం, తరువాత వారానికొకసారి ఆ మనిషిని పలకరించడం మా పనిగా పెట్టుకున్నాము.

ప్రస్తుతం ఆరు క్లినిక్కుల్లో నాలుగు నిలకడగా నడుస్తున్నాయి. అయిదవ చోట నర్సు పెళ్లయి వెళ్లిపోయింది. కొత్త నర్సు శిక్షణ పూర్తయ్యేవరకు అక్కడ టెలి సేవలు ఆపివేసి, వారపు జీపును రెండుసార్లకు పెంచాము. శిక్షణ లేని చేతులతో కాల్స్ కొనసాగించడానికి నేను ఒప్పుకోలేదు. ఆరవ ఊళ్లో సౌర ఫలకాలు, బ్యాటరీ పెట్టినా సిగ్నలే లేదు, అందువల్ల అక్కడి నర్సు రోజుకొకసారి గుట్ట మీదికి వెళ్లి ఆ రోజు కేసులన్నీ ఒకేసారి ఫోనులో చెబుతుంది, మేము సాయంత్రానికల్లా తిరిగి జవాబు చెబుతాము. గత వానాకాలంలో పద్దెనిమిది రోజుల పాటు ఈ అయిదవ, ఆరవ ఊళ్ల దారి తెగిపోయి మందులు అయిపోయాయి. ఈసారి ఆ రెండు క్లినిక్కులకూ మూడు నెలలకు సరిపడా బీపీ, షుగరు, మూర్ఛ మందులను ముందే చేర్చాలని నిర్ణయించి, ఒక్కొక్క రోగి పేరు మీద విడిగా పొట్లాలు కట్టించి, మే నెలాఖరులోగా పైకి పంపే ఏర్పాటు చేస్తున్నాము.